గాలం, వల, మత్తడి

సంగారెడ్డి జిల్లాకు వాయవ్య మూలన ఉంటుంది నారాయణఖేడ్. పక్కనే కర్ణాటక, బీదర్ జిల్లా. వాన పడితే పంట, పడకపోతే వలస. చెరుకు కోత మొదలైందంటే తండాల్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ఆలుమగలు కత్తులు పట్టుకుని ఫ్యాక్టరీల వైపు వెళ్లిపోతారు, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. అలాంటి చోట చెరువు నిండిందంటే వరి ఒక్కటే కాదు, ఇంట్లోకి కూర కూడా వచ్చినట్టు. నల్లవాగు ప్రాజెక్టులోనూ, ఊరూరి చెరువుల్లోనూ పెరిగే చేప ఎవరిది, ఎప్పుడు పట్టాలి, ఎవరు కాపాడాలి అన్న తగాదా ప్రతి వానకాలం కట్ట మీద వినిపిస్తుంది.

ఆ తగాదానే ఇద్దరి మాటల్లో పెడుతున్నాను. ‘గాలం’ తండా మనిషి, యాభై దాటినవాడు, చెరుకు కొట్టి వచ్చి వానకాలం ఊళ్లో ఉండేవాడు. ‘వల’ మత్స్య సహకార సంఘం సభ్యుడు, వయసులో చిన్నవాడు. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లే. వాళ్ల బాధలు కల్పితం కావు. నాకు తోచింది నేనూ మధ్యలో చెబుతాను.

వల: అన్నా, మళ్ల కట్టె పట్టుకొచ్చినవా? సంఘం మీటింగ్‌ల తీర్మానం చేసినం గదా, సభ్యులు తప్ప ఎవ్వరు చేపలు పట్టొద్దని.

గాలం: చెర్ల దిగలే తమ్మీ, కట్ట మీదనే కూసున్న. వెదురు కట్టె, జానెడు దారం, నాలుగు ఎర్రలు. పడితే రెండు జల్లలు, లేకుంటే ఉత్త చేతులు. దీనికి కూడ తీర్మానమా?

వల: నీ కట్టె సూసి చేసిన తీర్మానం కాదు. నీ ఎనక ఎందరున్నరో సూడు. ఐతారం వస్తె కార్లేసుకొని వస్తరు, రీలు గాలాలు తెస్తరు, పెద్ద పెద్ద కొర్రమీన్లు ఏరుకొని పోతరు. అడిగితే ‘గాలమే గదా’ అంటరు. సర్కారుకు లీజు కట్టేది మేము. రాత్రి కావలి పండేది మేము. నీకు ఒప్పుకుంటె వాళ్లకు కూడ ఒప్పుకోవాలె.

గాలం: వాళ్లను నన్ను ఒక్క గాటన కట్టకు. నేను అమ్ముకుంటలేను. సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి 6 కిలోలు. మంచి పనే, కాదన. దొడ్డుబియ్యం అమ్ముకున్నోళ్లు గుడ ఇప్పుడు వండుకొని తింటున్నరు. కాని అన్నంల ఏం కలుపుకోవాలె? పప్పు కొనాలె, నూనె కొనాలె. 2024 సెప్టెంబర్‌ల బయటి దేశాల నూనె మీద పన్ను పెంచిండ్రు. మల్ల 2025 మే ఆఖర్ల ముడినూనె మీద సగం తగ్గించిండ్రు అన్నరు. ఎక్కుడు ఎంత జల్ది ఎక్కిందో, దిగుడు మా తండా దుకాణంల అంత జల్ది కనపడలే. నెలకు నాలుగైదు సార్లు చెర్లకెల్లి చేప వస్తె, అన్ని పూటల పప్పు పైసలు మిగిలినట్టు. మా పోరగాండ్లకు కండ పట్టేది గదే.

వల: ఖర్చు నీకే ఉన్నదా అన్నా? వల కొనాలె, తెప్ప బాగు చేసుకోవాలె, ఐసు కొనాలె, బండిల పెట్రోలు పోయాలె. 75 శాతం సబ్సిడీ మీద బండ్లిచ్చిండ్రు, ఐసు డబ్బా పెట్టుకొని ఊర్ల పొంటి తిరగమన్నరు. తిరుగుతున్నం. పెట్రోలుకు సబ్సిడీ లేదు గదా. ఒక్క మంచి జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చేపలు పట్టే సామాన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కు దిగింది. గాలం కట్టెల మీద కూడ.

గాలం: నా కట్టె వాగు ఒడ్డున నరికింది. నాకు దానితోని లాభం లేదు. నీకు అయితే సంతోషమే.

వల: సంతోషం సంగతి తర్వాత. అప్పు మిత్తి ఆగదు. నీకు ఎకరమో అరెకరమో భూమి ఉంది. చెరుకు కోతకు పోతే అడ్వాన్సు ఇస్తరు. మాకు ఏమున్నది? నీళ్లే మా భూమి. నీ చేన్ల నేను వచ్చి నాలుగు కంకులు ఇరుసుకుంటె ఊకుంటవా?

ఇక్కడ ‘వల’ మాటకు బలం ఉంది. ముదిరాజులకైనా గంగపుత్రులకైనా చెరువు తరతరాల బతుకు. సహకార సంఘం, లీజు, సభ్యత్వం ఇవన్నీ ఆ బతుకుకు కాగితం మీద దొరికిన ఆధారాలు. కాగితం లేని రోజుల్లో పెత్తందార్లు, కాంట్రాక్టర్లు చెరువులు పాడుకుని వీళ్లనే కూలికి పెట్టుకున్న ఊళ్లున్నాయి. ఆ జ్ఞాపకం ఉన్నవాడు కట్ట మీద కొత్త మనిషిని చూసి ఉలిక్కిపడడంలో తప్పులేదు. అయితే చేను, చెరువు ఒకటి కావు. చేనులో ప్రతి కంకీ రైతు వేసిన గింజదే. చెరువులో ఎవరూ వేయని చేప కూడా ఉంటుంది. వాదన అసలు అక్కడ మొదలవుతుంది.

గాలం: నువ్వు ఏసిన చేప నేను పడ్తలేను తమ్మీ. సర్కారు ఏసేది బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ. నా ఎర్రకు పడేది జల్ల, మార్పు, పరక, ఎప్పుడన్న ఒక మట్టగుడిస. ఇవి ఎవరేసిండ్రు?

వల: 2016 నుంచి సర్కారు ఫిరీగ పిల్లల్ని ఏస్తున్నది అంటె ఉత్తగనే ఏస్తలేదు. బొచ్చె, రవ్వ నిలిచిన నీళ్లల్ల గుడ్డు పెట్టయి. వాటికి పారే వరద కావాలె. మన చెర్ల అవి ఎంత పెరిగినా పిల్లలు కావు. అందుకనే ప్రతి ఏడు ఏయాలె. చిన్న చెర్లకు 35, 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంత నీళ్లుండే పెద్ద చెర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. ఆ పథకం లేకుంటే మా సంఘంల సగం మంది ఎప్పుడో హైదరాబాద్ అడ్డా మీద నిలబడుదురు.

గాలం: పథకం వద్దంటలే. ఎప్పుడేస్తున్నరో అడుగుతున్న. చెర్వు ఆషాఢం, శ్రావణంల నిండుతది. పిల్లలు దసరా దాటినంక వస్తె పెరిగేది ఎప్పుడు? మన చెర్లు ఏప్రిల్ నాటికి అడుగంటుతయ్. ఆలస్యమైన ప్రతి నెల చేప బరువుల నుంచి కోసుకున్నట్టే. ఇంకోటి, లారీ వచ్చిన నాడు లెక్క ఎట్ల చేస్తరు? ఒక్క గిన్నెల పిల్లల్ని లెక్కవెట్టి, గన్ని గిన్నెలు అని రాసుకుంటరు. చెర్ల పడ్డ పిల్ల లెక్క ఉంటది. పట్టిన చేప లెక్క ఏడుంది?

వల: ఆలస్యం మాట నిజమే. మేము కూడ గదే అడుగుతున్నం. టెండర్లు ఎండకాలంల పిలవాలె, వాన పడ్డంక కాదు. లెక్క కాడ సంఘపోళ్లం నిలబడ్తున్నం, సంతకం పెడ్తున్నం. పిల్ల సన్నగుంటె వాపస్ పంపే ధైర్యం మాకు రావాలె. కాని అన్నా, అది మేము, సర్కారు తేల్చుకునే పంచాయితీ. దాంట్లకు గాలం ఎందుకు వచ్చింది?

గాలం: గాలానికి కూడ సంబంధం ఉంది. అందరి కండ్లు ఏసే పిల్లల మీదనే ఉన్నయ్. ఉన్న చేపను ఎవ్వరు పట్టించుకుంటలేరు.

‘గాలం’ అన్న ఈ ఒక్క మాట కోసమే నేను ఈ సంవాదం రాయాలనుకున్నాను. కొంచెం ఆగి వివరం చెప్పుకోవాలి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కార్పు జాతి చేపకు పిట్యూటరీ గ్రంథి సారం సూదితో ఎక్కించి గుడ్డు పెట్టించారు. ఆనాటి నుంచి బొచ్చె, రవ్వ పిల్లల కోసం వరద నదుల మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. ఏటా జులై 10న జాతీయ మత్స్యరైతుల దినం జరుపుకోవడం అందుకే. తెలంగాణ చెరువుల్లో నేడు పడుతున్న లారీల కొద్దీ పిల్లలకు మూలం ఆ ప్రయోగం. అది గొప్ప మేలు. దాని వెనుకే ఒక అలవాటు కూడా మనకు పట్టుకుంది. చేప అంటే తెచ్చి వేసేది, పట్టి అమ్మేది అని. కొర్రమీను, జల్ల, మార్పు, మట్టగుడిస అట్లా కాదు. వాటికి హేచరీ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. వాన పడగానే ఒడ్డున గడ్డిలో, పొలం మడుల్లో, వాగు మలుపుల్లో తమంతట తామే గుడ్డు పెడతాయి. వాటి కోసం ప్రభుత్వం రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. మనం వాటి జోలికి వెళ్లకుండా కొన్ని వారాలు ఆగాలి, అంతే. ఆ కొన్ని వారాలే మనం ఇవ్వడం లేదు.

వల: ఉన్న చేపను ఖతం చేసేదే గాలపోళ్లు అన్నా. కొర్రమీను సంగతి నీకు తెల్వదా? ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద తేలితే కింద తల్లి, తండ్రి కావలి ఉంటయ్. ఆ గుంపు మీద గాలం ఆడిస్తె పిల్లల్ని కాపాడుకునేటందుకు తల్లి ఎగిరి కొరుకుతది. ఆడనే పట్టుకుంటరు. పెద్దది దొరికిందని ఫోన్ల ఫొటో దిగుతరు. తల్లి పోయినంక ఆ వందల పిల్లలు ఏమైతయ్?

గాలం: చిన్న చేపలు మింగుతయ్. నేనెప్పుడు గుంపు మీద గాలం ఎయ్యలే, ఏసినోన్ని ఊకోలే. కాని నువ్వన్నది నిజం, మా గాలపోళ్లు చేస్తున్నరు. దాన్ని బందు పెట్టు, నేను నీ ఎంబడి నిలబడ్త. 2016ల కొర్రమీనును రాష్ట్ర చేప అన్నరు. పేరు పెట్టిండ్రు, కావలి పెట్టలే. గుంపు మీద గాలం ఎయ్యొద్దు అని కట్ట మీద ఒక బోర్డు కూడ లేదు.

వల: బోర్డు రాస్తం.

గాలం: రాయి. దాని కింద ఇంకోటి కూడ రాయి. మొదటి వరదకు మత్తడి కాడ ఎవ్వరు నిలబడొద్దని. మత్తడి దుంకుతుంటె చేపలు ఎదురెక్కుతయ్. కడుపు నిండ జన ఉంటది. ఆ రోజు ఊరంత ఆడనే ఉంటది. వలలు, దోమతెరలు, చీరలు, కట్టెలు. సంఘపోళ్లు ముందుంటరు, తండోళ్లు ఎనక ఉంటరు. సంచులు సంచులు మోస్తరు. ఆ ఒక్క దినం పట్టిన జనను లెక్కేస్తె, సర్కారు లారీలు యాదికొస్తయ్ తమ్మీ. ఒక దిక్కు తెచ్చి పోసుడు, ఇంకో దిక్కు కడుపుతోని ఉన్నదాన్ని కోసుడు.

వల: (కొంచెం సేపు ఊరుకుని) మత్తడి కాడ పట్టకుంటె ఆ చేప కింది ఊరి చెర్లకు పోతది. మేము పట్టకుంటె వాళ్లు పడ్తరు.

గాలం: కింది ఊరోడు కూడ గదే అంటడు, పై ఊరు పట్టంగ మేమెందుకు ఊకోవాలె అని.

ఇది ఒక్క ఊరు తేల్చగలిగే పని కాదు. నల్లవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర మహారాష్ట్రలో పుట్టి, బీదర్ మీదుగా మన గడ్డ మీదికి వచ్చి, సింగూరులో ఆగి, నిజాంసాగర్‌లో ఆగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆనకట్టలు కట్టాక నది చేపకు ఎదురెక్కే దారులు ఎలాగూ తెగిపోయాయి. మిగిలినవి ఈ చిన్న వాగులు, మత్తళ్లు. సింగూరుకు దిగువన మంజీరలో కొంత భాగాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. మొసళ్ల కోసం తెచ్చిన ఆ నిషేధం నీడన చేపకూ కాస్త చోటు దొరికింది. కర్ణాటకలో శృంగేరికి వెళ్లినవాళ్లు తుంగ మెట్ల దగ్గర చేతి దూరంలో తిరిగే పెద్ద చేపలను చూసే ఉంటారు. అక్కడ భక్తి కాపలా కాస్తోంది. మన చెరువుకు అంత అవసరం లేదు. తూము దగ్గరి లోతు మడుగును, మత్తడి కింది వాగును సంఘం తీర్మానం కాపాడితే చాలు.

వల: సరే. మత్తడి ఒక్కటే కాదు, గుడ్డు పెట్టే జులై, ఆగస్టు నెలల వల మూలకు పెట్టమంటవు. పెట్టినం అనుకో. కిస్తీ ఎవరు కట్టాలె? ఆంధ్రల సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక 61 రోజులు వేట బందు. బందు పెట్టినందుకు అక్కడి సర్కారు ఇంటింటికి 10 వేలు ఇచ్చేది, 2025ల 20 వేలు చేసింది. మనకు సముద్రం లేదు. చెర్ల మీద బతికేటోనికి కడుపు లేదా?

గాలం: కేంద్రంది ఏదో ఉంది అన్నరు గదా.

వల: ఉంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన. మనం 1500 జమ చెయ్యాలె, సర్కారు 3000 కలుపుతది. మొత్తం 4500, వేట లేని మూడు నెలలకు. అంటె నెలకు 1500. అండ్ల నా సొంత పైసలే 500. నలుగురున్న ఇంటికి గది ఎన్ని దినాలొస్తది? నూనె డబ్బా, పప్పు, బడి ఫీజు, ఇంజెక్షన్... నువ్వే లెక్కవెట్టు.

గాలం: నీకు గదన్న ఉంది. నాకు గది కూడ లేదు. నేను సంఘంల లేను. వానకాలమే నేను ఊర్ల ఉండేది. చెరుకు సీజన్‌ల చేప గుర్తుకు రాదు. నువ్వు బందు పెట్టే రెండు నెలలే నా కట్టె పని చేసే నెలలు. అయినా పెట్టు అంటున్న. నాకు నష్టమే, తెలిసే అంటున్న.

వల: సంఘంల ఎందుకు చేరవు మరి?

గాలం: పరీక్ష పెడ్తరు. వల ఇసరాలె, ఈత కొట్టాలె, అల్లాలె. అదంత అయినా, ఎవరికి సభ్యత్వం ఇయ్యాలె అన్న లొల్లి మీ మధ్యనే తెగలే. తండోన్ని ఎవరు రానిస్తరు? నేను సభ్యత్వం అడుగుతలే. కూర మందం పట్టుకునే చీటీ అడుగుతున్న. ఏడాదికి ఇంత అని కడ్త. సెప్టెంబర్ నుంచి, ఒక్క కట్టె, ఒక్క గాలం, పొద్దు మునుగక ముందు. అమ్మితే చీటీ గుంజుకో.

వల: ఒక్కనికి ఇస్తె పది మంది అడుగుతరు.

గాలం: పది మందికియ్యి. కట్ట మీద పది మంది కండ్లుంటయ్. తోటాలు పేల్చేటోడు, మందు కలిపేటోడు, కరెంటు వైరు ఏసేటోడు రాత్రి వస్తడు. పోయినసారి నీకు ఖబర్ చేసింది ఎవరు? మీ కావలి మనిషా, నేనా?

వల: నువ్వే చేసినవ్. అందుకే నిన్ను కట్ట మీదికెల్లి లేపుతలేను, మాట్లాడుతున్న.

చీటీ మాట కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో నది ఒడ్డున గాలం వేయాలంటే లైసెన్సు కావాలి. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు అక్కడి నదుల్లో చాలా రకాల చేపలకు గాలం వేయకూడదు. అమెరికాలో 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద గాలాలు, రీళ్ల మీద వసూలయ్యే పన్ను చేపల సంరక్షణకే వెళ్తుంది. మన దగ్గర వల మీదా గాలం మీదా తీసుకునే 5 శాతంలో పైసా కూడా చెరువు పేరున పక్కన పెట్టరు. ఇక తోటాలు, విషం మాట. 1897 నాటి భారత మత్స్య చట్టమే వాటిని నిషేధించింది. ఆ చట్టంలో రాసిన శిక్ష రెండు నెలల వరకు జైలు, లేదంటే 200 రూపాయల వరకు జరిమానా. 1897లో 200 అంటే భయం పుట్టించే సొమ్ము. ఇప్పుడు అది కిలో చేప ధర. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన చెరువుకు కాపలా ఉన్నట్టు కాదు.

వల: చీటీ సంగతి మీటింగ్‌ల పెడ్త. ఒప్పుకుంటరని చెప్పలేను. రీలు గాలాలకు మాత్రం ఒప్పుకోను. మత్తడి కాడ మా పిల్లలే ముందు దూకుతరు. వాళ్లను ఆపాలంటె నాకు ఇంట్లనే లొల్లి.

గాలం: ఆ దినం నేను వచ్చి మత్తడి మీద కూసుంట. కట్టె లేకుండ. తండోళ్లను నేను ఆపుత, ఊరోళ్లను నువ్వు ఆపు.

వల: కింది ఊరు?

గాలం: వాళ్ల సంఘంకు నువ్వే చెప్పాలె. నా మాట వినరు.

నా అభిప్రాయం దాచుకోను. లీజు విషయంలో ‘వల’ది న్యాయం. చేప విషయంలో ‘గాలం’ది న్యాయం. చెరువు మీద హక్కు సంఘానికే ఉండాలి, కార్లలో వచ్చే రీలు గాలాలకు తలుపు మూయాలి. ఇంటి కూర కోసం వెదురు కట్టె పట్టే పేదవాడిని మాత్రం దొంగను చేయకూడదు. నారాయణఖేడ్, సిర్గాపూర్, కల్హేర్ మండలాల సంఘాలు ఈ ఎండాకాలంలోనే ఒకచోట కూర్చుని, మొదటి వరద నుంచి మత్తడి దగ్గర ఎవరూ చేప పట్టకూడదని, కొర్రమీను పిల్లల గుంపు మీద గాలం పడకూడదని ఒకే తీర్మానం రాసుకోవాలి. ఒక్క ఊరు రాస్తే నిలవదు. మత్స్యశాఖ చేపపిల్లల టెండర్లు వానకు ముందే ముగించాలి. ఏటా చెరువులో వేసిన పిల్లల లెక్క పక్కనే పట్టిన చేప లెక్క కూడా గ్రామంలో బోర్డు మీద రాయాలి. అన్నిటికన్నా ముందు, గుడ్డు పెట్టే రెండు నెలలు వల పక్కన పెట్టే కుటుంబానికి ఆంధ్ర తీరంలో ఇస్తున్న స్థాయిలో భృతి ఇవ్వాలి. నెలకు 1500 చేతిలో పెట్టి వేట మానుకొమ్మని చెప్పే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.